గుర్రుమనని కుక్క

కిందటి వారం మీరు మమ్మల్ని పశువుల ఆస్పత్రి వరండాలో వదిలేసి మీ పనుల్లో పడ్డారు. మాకు ఆ వెసులుబాటు లేదు. కుక్కని కారు వెనక సీట్లో వేసుకుని ఇంటికి రావాల్సి వచ్చింది.

మరిచిపోయినవాళ్ళకీ, కొత్తగా చదువుతున్నవాళ్ళకీ నాలుగు ముక్కల్లో చెప్తాను. మా అన్నయ్య కూతుర్ని మేమంతా పిచ్చుక అంటాం. దాని చెంపని వాళ్ళింటి కుక్క కొరికింది, కుక్క పేరు బొంత. కుట్లు పడ్డాయి. అన్నయ్య కుక్కని ఆస్పత్రికి తీసుకెళ్ళి, సూదితో చంపేయమని డాక్టర్ని అడిగాడు. "దగ్గరికి రాకండి, కరుస్తుంది" అని ఆయన్ని కుక్క మీద చెయ్యి కూడా వేయనివ్వలేదు. డాక్టరు గడ్డం గోక్కుని, "సూది ఎక్కడికీ పారిపోదు. కుక్కల ప్రవర్తన తెలిసిన ఆవిడ ఒకరున్నారు, ఇంటికి పంపిస్తాను. ఆవిడ చూశాక మీరూ మీ ఆవిడా ఇద్దరూ ఒకే మాట చెప్పండి. ఒక్కరు చెప్తే నేను చెయ్యను," అన్నాడు. "సాయంత్రానికి చెప్పేస్తాం" అన్నాడు అన్నయ్య, గ్యాసు బండ బుక్ చేసినంత తేలిగ్గా.

ఆ సాయంత్రం సంగతే ఇది.

ముందు మా అన్నయ్య ఇల్లు ఎలాంటిదో మీకు తెలియాలి. వాడిది గొంతు అమ్ముకునే వృత్తి. లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతు, బ్యాంకుకి ఫోన్ చేస్తే "మీ కాల్ మాకెంతో విలువైనది" అనే గొంతు, నిద్రపట్టనివాళ్ళకి "కళ్ళు మూసుకోండి, మెల్లగా ఊపిరి పీల్చుకోండి" అని జోకొట్టే గొంతు, అన్నీ వాడివే. హాలు పక్క గదిలో గోడలకీ కప్పుకీ స్పాంజి పలకలు అంటించి రికార్డింగు గది చేసుకున్నాడు. తలుపు మీద ఒక ఎర్ర బల్బు. అది వెలిగిందంటే ఇంట్లో ఫ్యాను తిరగకూడదు, మిక్సీ ఆడకూడదు, కుళాయి తిప్పకూడదు. మాట్లాడాలంటే సైగలే. అమ్మకి దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుంటుంది. వదిన గిన్నెల కింద గుడ్డ పరుచుకుని వంట చేస్తుంది. రోజంతా కిచకిచలాడుతుందని పిచ్చుక అని పేరు పెట్టుకున్న పిల్ల ఇప్పుడు మునివేళ్ళ మీద నడుస్తుంది. బయటి చప్పుడు లోపలికి రాని మంచి తలుపు పెట్టించుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "ఇంట్లోవాళ్ళు నోరు మూసుకుంటే చాలు కదా, తలుపెందుకు" అన్నాడు.

నేను అక్కడ ఉండను, అదృష్టవంతురాలిని. రెండు వీధుల అవతల ఒక్కదాన్నే ఉంటాను. కట్టుడు పళ్ళు చేయడం నా పని. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరెవరివో దవడల అచ్చులు చేతిలో పట్టుకుని కూర్చునే మనిషిని. నాకు అంత తొందరగా రోత పుట్టదు. ఆ రోజు పుట్టింది, అదీ కడుపులోంచి.

డాక్టరు పంపిన ఆవిడ చెప్పిన వేళకే వచ్చింది. జుట్టు గట్టిగా ముడేసుకుని, అరిగిపోయిన బూట్లు వేసుకుని, భుజాన ఒక పెద్ద సంచితో వచ్చింది. పిచ్చుక గది తలుపు సందులోంచి చూసి "కుక్కల టీచర్" అని పేరు పెట్టేసింది. నాకూ అదే నోటికి వచ్చింది.

"రండి మేడమ్, దయచేసి కూర్చోండి. ఎండలో శ్రమపడి వచ్చారు" అన్నాడు అన్నయ్య, లిఫ్టు గొంతుతో. ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. టీలో పంచదార ఎక్కువైందని పొద్దున వదిన మీద పళ్ళు కొరికిన నోరే అది. బయటివాళ్ళు గుమ్మం ఎక్కగానే తేనె కారుతుంది.

"కుక్క ఎక్కడుంది సార్?"

"వెనక బాత్రూములో కట్టేశాం. మనుషుల మధ్య ఉండదగ్గ జంతువు కాదు మేడమ్ అది."

"ఎన్నాళ్ళ నుంచి ఉంది మీ దగ్గర?"

"పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. కన్నబిడ్డలా చూసుకున్నాం."

కన్నబిడ్డని ఎలా చూసుకుంటాడో నాకు తెలుసు కాబట్టి ఆ మాట మాత్రం నమ్మాను.

"కరిచే ముందు ఏం చేసింది? గుర్రుమందా? పళ్ళు చూపించిందా?"

అన్నయ్య గర్వంగా నవ్వాడు. "మా కుక్క గుర్రుమనదు మేడమ్. మొరగదు కూడా. నా క్లయింట్లు ఆశ్చర్యపోతారు. ఇంట్లో ఇంత పెద్ద కుక్క ఉందని మాకు తెలియనే లేదండీ అంటారు. అంత పద్ధతిగా పెంచాం."

టీ కప్పు ఆవిడ నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎలా పెంచారు?"

"క్రమశిక్షణతో."

"అంటే?"

"చెప్తే వింటుందండీ."

"ఏ భాషలో చెప్తారు?"

అన్నయ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. అమ్మ కుర్చీలోంచి కల్పించుకుంది. "ఈ ప్రశ్నలన్నీ ఎందుకమ్మా. పసిదాని ముఖం చెడగొట్టింది. దాన్ని నా కళ్ళముందు నుంచి తీసేయండి, చాలు."

పిల్లకి కుట్లు పడ్డప్పటి నుంచి అమ్మ ఇదే పాట. నాకు అంతుపట్టనిది అదే. బొంతకి అన్నం కలిపి పెట్టేది అమ్మే. అది అలిగితే బతిమాలేది అమ్మే. అలాంటి మనిషికి రాత్రికి రాత్రే అంత పగ ఎక్కడి నుంచి వచ్చిందో.

"ఒకసారి కుక్కని చూస్తాను" అని టీచర్ లేచింది.

బాత్రూము తలుపు తీయగానే వాసన కొట్టింది. పైన ఫినాయిల్, దాని కింద ఎవరో కొట్టిన సెంటు, ఆ రెండింటి కింద ఇంకొకటి. చీము పట్టిన చిగుళ్ళ వాసన నాకు కొత్త కాదు, అచ్చులతో పాటు అప్పుడప్పుడు ల్యాబుకి అదీ వస్తుంది. ఇది ఆ వాసనే.

"ఆ జాతి కుక్కలకి ఉండే వాసనే మేడమ్ అది" అన్నాడు అన్నయ్య వెనక నుంచి. "మా ఆవిడ రోజూ సెంటు కొడుతుంది."

బొంత గోడకి నక్కి కూర్చుని ఉంది. నలుపు, గోధుమ, తెలుపు ముక్కలు కలిపి కుట్టినట్టుండే దట్టమైన బొచ్చు, అందుకే ఆ పేరు. టీచర్ దాని వైపు తిరగలేదు. గుమ్మం దగ్గర పక్కకి తిరిగి నేల మీద కూర్చుని, గోడతో మాట్లాడుతున్నట్టు ఏదో సణుగుతూ, చిన్న చిన్న బిస్కెట్టు ముక్కలు అటు విసురుతూ ఉండిపోయింది. అన్నయ్య రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చాలాసేపటికి బొంత పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చింది. ఆవిడ సంచిలోంచి బుట్టలాంటి మూతి తొడుగు తీసి, అందులో బిస్కెట్టు పెట్టి చూపించింది. బొంత తనంతట తానే మూతి దూర్చింది. కరిచే కుక్క అని ఇల్లంతా వణుకుతున్న కుక్క ఇది.

ఆవిడ చెయ్యి మెడ బొచ్చులోకి వెళ్ళి ఆగింది.

"ఈ బెల్టేంటి?"

"తప్పిపోతే ఎక్కడుందో చూపించే బెల్టంట" అన్నాను నేను. అన్నయ్య నాకు అలాగే చెప్పాడు.

ఆవిడ గోరువెచ్చని నీళ్ళూ దూదీ అడిగింది. నేను తెచ్చిచ్చాను. బొచ్చు పాయలుగా విడదీసి తడిపింది. నల్లటి బెల్టు, గొంతు కింద అగ్గిపెట్టంత డబ్బా. కొక్కెం విప్పినా బెల్టు ఊడిరాలేదు, చర్మానికి అతుక్కుపోయి ఉంది. ఆవిడ తడుపుతూ, ఆగుతూ, మళ్ళీ తడుపుతూ మెల్లగా లాగింది. బొచ్చుతో, పొక్కుతో సహా ఊడింది. డబ్బాకి లోపలి వైపు రెండు ఇనప మేకులు, మొద్దుగా, పక్కపక్కన. బొంత గొంతు మీద రెండు గుంటలు. గుంటల్లో పచ్చటి చీము, చుట్టూ నల్లగా మాడిన చర్మం.

బొంత గింజుకోలేదు. కుయ్యిమని కూడా అనలేదు. నోరు తెరిచి గాలి పీల్చుకుంది, అంతే. ఏడవడం కూడా తప్పని దానికి నేర్పారు. నేను వంటింటి సింకు దగ్గరికి పరిగెత్తి మధ్యాహ్నం తిన్నదంతా కక్కేశాను.

నోరు కడుక్కుని వచ్చేసరికి టీచర్ బొంతని హాల్లోకి తెచ్చింది. మూతికి తొడుగు ఉంది, తాడు ఆవిడ చేతికి చుట్టి ఉంది. "పాపని గదిలోంచి రానివ్వకండి" అని చెప్పి మూలకి వెళ్ళి కూర్చుంది. బెల్టుని పాత పేపర్లో పెట్టి టీపాయ్ మీద ఉంచింది. ఆ వాసన హాలంతా పాకింది. అన్నయ్య రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వాడు చేసిన పుండు వాసన వాడికే గిట్టలేదు.

"రిమోట్ ఉంటుంది కదా సార్ దీనికి?"

"ఉంటుంది" అన్నాడు రుమాల్లోంచి. "చాలా చిన్న కరెంటు మేడమ్. చీమ కుట్టినట్టుంటుంది. మొరిగినా గుర్రుమన్నా ఒక్కసారి నొక్కితే చాలు, ఆపేస్తుంది. నా వృత్తి అలాంటిది, మీరు అర్థం చేసుకోవాలి. ఒక్క గుర్రు పడితే మొత్తం మళ్ళీ చదవాలి."

"బెల్టు ఎప్పుడైనా విప్పుతారా?"

"విప్పితే మళ్ళీ పెట్టించుకోదు."

ఛీ అనిపించింది. అంతకంటే పెద్ద మాట నాకు దొరకలేదు. ఒక తల్లి కడుపులో పుట్టాం, ఒక కంచం దగ్గర కూర్చుని తిన్నాం, అది తలుచుకుంటే నా మీద నాకే కంపరమెత్తింది.

టీచర్ గొంతు పెంచలేదు. "గుర్రుమనడం తప్పు కాదు సార్. నాకిది నచ్చట్లేదు, జరుగు, అని కుక్క మర్యాదగా చెప్పే మాట అది. మీరు ఆ మాట పీకేశారు. ఇక దాని దగ్గర పళ్ళే మిగిలాయి. చెప్పకుండా కరిచే కుక్కని మించిన ప్రమాదం ఇంకొకటి లేదు. దాన్ని మీరే తయారు చేసుకున్నారు."

"అదే నేనూ అంటున్నా" అన్నాడు అన్నయ్య ముందుకి జరిగి. "ప్రమాదం. మీ నోటితో మీరే అన్నారు. కాబట్టి పంపించేద్దాం."

"వినండి. రెండు దారులున్నాయి" అంది ఆవిడ. "ఒకటి సూది. నొప్పి ఉండదు, నిద్రపోయినట్టు పోతుంది. రెండోది, ముందు ఈ పుండు మానాలి. తర్వాత దాని గొంతు దానికి తిరిగి రావాలి. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను. నెలలు పడుతుంది. వచ్చినా పసిపిల్ల ఉన్న ఇంట్లో నేను దాన్ని ఉంచను. ముఖం కరిచిన కుక్క మళ్ళీ కరవదని మాటివ్వలేను. పిల్లల్లేని ఇల్లు కావాలి. ఆ ఇల్లు లేకపోతే సూదే మేలు, పాపకీ కుక్కకీ."

"నా దగ్గర ఉంచుకుంటా" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. "నాకు పిల్లల్లేరు, బల్బుల్లేవు. ల్యాబులో మిషన్లు రోజంతా గీపెడుతూనే ఉంటాయి. ఎంత మొరిగినా అడిగేవాళ్ళుండరు."

"నోర్ముయ్" అన్నాడు అన్నయ్య. లిఫ్టు గొంతు పోయింది, ఇంటి గొంతు వచ్చింది. "దాన్ని వీధిలో తిప్పుతావు. ఆ మెడ ఏంటని ఎవడో అడుగుతాడు. ఫలానా వాళ్ళ కుక్క అంటావు. పొద్దున లేస్తే ప్రశాంతంగా ఊపిరి పీల్చుకోండి అని చెప్పేది నేను. ఇది బయటికి పొక్కితే నా గొంతు ఎవడు కొంటాడు?"

అదీ సంగతి. కూతురి చెంప గురించి కాదు. కుక్క చస్తే పుండు కూడా చస్తుంది, అదీ వాడి లెక్క.

"వదినా, నువ్వైనా చెప్పు" అన్నాను.

వదిన తల ఎత్తింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నా పిల్ల అద్దంలో చూసుకోనంటోంది. నిద్రలో ఉలిక్కిపడుతోంది. నువ్వు కుక్క మెడ చూసి ఏడుస్తున్నావు, నేను పిల్ల చెంప చూసి ఏడుస్తున్నా. నాకు అది పోవాలి. ఎలా పోయినా సరే."

ఆవిడ మాట నాకు నచ్చలేదు, తప్పనీ అనలేకపోయాను. కుట్లు పడింది ఆవిడ కడుపున పుట్టిన పిల్లకి. అన్నయ్య గెలిచినట్టు మా అందరి వైపూ చూశాడు. భార్యాభర్తలది ఒకే మాట అయింది. ఇక డాక్టరుకి ఫోన్ చేయడమే తరువాయి.

టీచర్ ఒప్పుకున్నట్టు తల ఊపింది. "తల్లి మాట తల్లిదే. నేను కాదనను. ఒక్కటి మాత్రం తెలుసుకుని వెళ్తాను. ఆ రోజు ఏం జరిగింది?"

"ఏముంది, నేను లోపల రికార్డింగులో ఉన్నా" అన్నాడు అన్నయ్య. "అరుపు విని బయటికి వచ్చా."

"నేను వంటింట్లో ఉన్నా" అంది వదిన.

"అది గుర్రుమంది" అని ఇంకో గొంతు వచ్చింది.

పిచ్చుక. గది తలుపు సందులోంచి ఒక కన్నూ, కట్టు కట్టిన చెంపా కనిపిస్తున్నాయి. గుసగుసగా మాట్లాడుతోంది, బల్బు వెలగకపోయినా. ఆ ఇంట్లో ఆ పిల్లకి మామూలు గొంతంటే ఏమిటో మరుపొచ్చింది.

"అక్కడే ఉండు తల్లీ, బయటికి రాకు" అంది టీచర్. "గుర్రుమందా? నువ్వు విన్నావా?"

"నేను వెనక నుంచి గట్టిగా పట్టుకున్నా. దానికి ఇష్టం లేదు. మెల్లిగా గుర్ మంది. నేను వదిలేద్దామనుకున్నా, నిజంగా. ఈలోపే అది ఎగిరింది."

"ఎగిరిందా?"

"కాలు కాలినట్టు ఎగిరింది. ఎగిరి నా వైపు తిరిగి కరిచింది. మళ్ళీ వెంటనే వదిలేసి మంచం కిందికి పారిపోయింది. నేను అమ్మకి చెప్దామనుకున్నా. బల్బు వెలుగుతోంది కదా అత్తా, అందుకని ఏడుపు కూడా ముందు మెల్లిగానే ఏడ్చా."

ఆ చివరి మాటకి వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. చెంప చీలి రక్తం కారుతుంటే ఆ పిల్ల బల్బు వంక చూసి గొంతు తగ్గించుకుంది. ఇలాంటి ఇల్లొకటి ఉందని నాకు వేరెవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

"పట్టుకున్నప్పుడు అది చెప్పింది" అంది టీచర్. "చెప్పినందుకు దానికి కరెంటు కొట్టింది. పాపే కొట్టిందనుకుని తిరగబడింది. సార్ లోపల ఉన్నారు. మరి రిమోట్ ఎవరి దగ్గర ఉంది?"

"బల్బు వెలిగితే బయట ఎవరుంటే వాళ్ళ దగ్గర" అని, అన్నయ్య నాలుక కరుచుకున్నాడు. ఆ విషయం వాడికీ అప్పుడే తట్టినట్టుంది.

వదిన వంటింట్లో. పిల్ల కుక్కని పట్టుకుని. హాల్లో ఇంకెవరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిన పని లేదు. నేను అమ్మ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"నేనే" అంది అమ్మ.

కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉంది.

"అంతకు ముందు నాకు దగ్గొచ్చి వీడి రికార్డింగు పాడైంది. వారం పాటు నాతో మాట్లాడలేదు వీడు. కంచం నా ముందు పెట్టి వెళ్ళిపొమ్మని కోడలికి సైగ చేసేవాడు. ఆ రోజు అది గుర్రుమనగానే గుండె ఆగినంత పనైంది నాకు. నొక్కేశా. పిల్ల పట్టుకుని ఉందని కళ్ళు చూస్తూనే ఉన్నాయి, వేలు ఆగలేదు."

"మరి చంపేయమని నువ్వే అన్నావు కదమ్మా" అన్నాను. "అందరికంటే ముందు అన్నావు."

"అది ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు ఇలా అడుగుతారు" అంది అమ్మ. "పోతే అడిగేవాళ్ళు ఉండరనుకున్నా."

కొన్ని మాటలు విన్నాక చెవులు కడుక్కోవాలనిపిస్తుంది. మా అమ్మ నోటి వెంట అలాంటి మాట వింటానని నేను అనుకోలేదు. జాలి కలగాలి, కలిగింది కూడా. అయినా దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయలేకపోయాను. అమ్మ చేతి ముద్ద తిని పెరిగిన కుక్క అది.

ఇక మా అన్నయ్య ఏం చేశాడో వినండి. తల్లి కాళ్ళ మీద పడతాడనీ, కూతుర్ని దగ్గరికి తీసుకుంటాడనీ మీరనుకుంటే వాడు మీకింకా అర్థం కాలేదు. వాడి ముఖం తేటపడింది. భుజాలు దిగాయి. పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"చూశారా, నేను కాదు" అన్నాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. ఎవరు నొక్కితేనేం, కరిచింది మాత్రం అదే కదా. ఇంక సాగదీయడం దేనికి. నేనే తీసుకెళ్ళి పని కానిచ్చేస్తా. ఆ తాడు ఇలా ఇవ్వండి మేడమ్" అని లేచి, మూల దాకా వెళ్ళి, బొంత మీదికి వంగి తాడు కోసం చెయ్యి చాపాడు.

అప్పుడొచ్చింది ఆ చప్పుడు. ఎక్కడి నుంచో మాకు ముందు తెలియలేదు. చాలాకాలం తిప్పని కుళాయి తిప్పితే నీళ్ళు రాకముందు గొట్టంలో వచ్చే చప్పుడులా, గరగరమంటూ, తెగుతూ, మళ్ళీ అందుకుంటూ. బొంత గుర్రుమంటోంది. ఒళ్ళంతా వణుకుతోంది దానికి, ఏ క్షణాన కరెంటు కొడుతుందోనని మెడ బిగించుకుని ఉంది, అయినా గుర్రుమంటోంది.

అమ్మ చెయ్యి అలవాటు కొద్దీ రిమోట్ కోసం కుర్చీ పక్కన తడిమి, ఆగిపోయింది.

"ఎవరూ దాన్ని తిట్టకండి" అంది టీచర్ చాలా మెల్లగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్, రెండడుగులు వెనక్కి వెయ్యండి. అది చెప్పింది, మీరు విన్నారు. విని వెనక్కి తగ్గితే రేపు మళ్ళీ చెప్తుంది. కరవక్కర్లేదని తెలుసుకుంటుంది. నెలలు పడుతుందన్నాను కానీ, ఇంకా బతికే ఉంది దాని గొంతు."

అన్నయ్య తగ్గాడు. విని కాదు, భయపడి. భయపడ్డట్టు నలుగురూ చూశారన్న మంట వాడి చెవుల దాకా ఎక్కింది.

"నా ఇంట్లో, నా తిండి తిని, నా మీదే గుర్రుమంటుందా" అన్నాడు. "ఇంకేం సాక్ష్యం కావాలి మీకు? ఇంక ఒక్క గంట కూడా ఉండటానికి వీల్లేదు."

ఫోన్ తీశాడు. నంబరు నొక్కి, అవతల డాక్టరు ఎత్తేలోపు గొంతు సవరించుకున్నాడు. నా కళ్ళ ముందే ముఖం మారిపోయింది, కనుబొమ్మలు మెత్తబడ్డాయి, గొంతులోకి తేనె దిగింది.

"నమస్కారం డాక్టర్ గారూ. మేడమ్ వచ్చి చూశారు. చాలా బాధగా ఉంది కానీ, ప్రమాదమేనని ఆవిడ కూడా అన్నారు. ఇప్పుడే నా మీదికి కూడా వచ్చింది. మీరు దయచేసి ఇంటికే వచ్చి కానిచ్చేస్తే పాపకి కూడా మనశ్శాంతి."

"నేను అలా అనలేదు" అంది టీచర్. వాడు ఫోన్ని ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మా ఆవిడా? ఆవిడదీ అదే మాట. ఇస్తాను, ఆవిడతోనే వినండి."

ఫోన్ వదిన ముందు పెట్టాడు. "చెప్పు" అన్నాడు. ఈ మాటకి తేనె లేదు.

వదిన ఫోన్ అందుకుంది. వెంటనే చెవి దగ్గర పెట్టుకోలేదు. తలుపు సందులో ఉన్న పిల్లని చూసింది. మూల వణుకుతూ ఇంకా గుర్రుమంటున్న కుక్కని చూసింది. దాని మెడ మీది గుంటలని చాలాసేపు చూసింది. ఇందాక ఎలా పోయినా సరే అన్న మనిషి. ఆవిడ అవునంటే ఆ పూటకే బొంత పని సరి.

"డాక్టర్ గారూ, రండి" అంది.

అన్నయ్య తల ఊపి, టీపాయ్ మీది బెల్టుని పేపర్లో చుట్టబెట్టబోయాడు.

"సూది వద్దు" అంది వదిన. "పుండుకి మందు తీసుకురండి. కుక్క నా పిల్ల పక్కన ఉండకూడదు, ఉండదు. పిల్ల మేనత్త తీసుకెళ్తుంది. చంపడానికి మాత్రం నేను ఒప్పుకోను."

"ఏంటే వాగుతున్నావ్?" అన్నాడు అన్నయ్య.

వదిన ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో పొడుగు చేతుల కుర్తా ఎడమచేతి గుండీ విప్పి మోచేతి దాకా పైకి మడిచింది. ముంజేయి లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, రెండు నల్లటి మచ్చలు పక్కపక్కన. పళ్ళ మధ్య ఎడాలు కొలిచి బతికేదాన్ని, నాకు స్కేలు అక్కర్లేదు. బొంత మెడ మీది గుంటల మధ్య ఎంత దూరమో ఈ మచ్చల మధ్యా అంతే.

అమ్మ కుర్చీలోంచి లేవబోయి లేవలేక అలాగే కూలబడింది.

"అది... నొప్పేమీ ఉండదని చూపించడానికి పెట్టా" అన్నాడు అన్నయ్య మా అందరి వైపూ తిరిగి. లిఫ్టు గొంతు కోసం వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. "నవ్వులాటకి. ఒక్కసారి."

"ఒక్కసారి కాదు డాక్టర్ గారూ" అంది వదిన ఫోన్లో. "నేను గొంతు ఎత్తినప్పుడల్లా."